వేగుచుక్కకు నల్లద్దం

2025 ఫిబ్రవరి 9, ఆదివారం, సాయంత్రం ఏడు గంటల నలభై ఒక్క నిమిషానికి ఇది మొదలైంది. బంటింగ్‌లో మా ఇంటి ముందు గచ్చు మీద టెలిస్కోపు కాళ్లు సరిచేస్తున్నాను. మా అప్ప, అంటే మా అక్క, గడప దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. కంటి వైద్యానికి సుంగై సిపుట్ నుంచి వచ్చి అప్పటికి పదమూడు రోజులు.

“ఏటే, ఆ గొట్టంతోటి ఎవులింట్లోకి తొంగిసూస్తన్నావు?”

“ఏగుసుక్కని సూస్తన్నాను అప్పా.”

“పొద్దుగూకినాక ఏగుసుక్కేటి? అది తెల్లారిగట్ల కదా వొచ్చేది. సదువుకున్నావని నువ్వేది సెప్పినా నమ్మేస్తానేటి లా?”

ఈ దేశంలో అందరి మాట చివరా ఆ ‘లా’ వస్తుంది. అప్పకు డెబ్బై ఎనిమిది, నాకు డెబ్బై ఒకటి. పద్నాలుగో ఏట ఆమె పాల కోసం రబ్బరు చెట్ల బెరడు గీయడానికి వెళ్లింది. మా ఇంట్లో గడియారం లేదు. ఎదురు వరస ఇళ్ల కప్పు మీద వేగుచుక్క చూసి లేచేది. నన్ను నిద్ర లేపకుండా నా మీదుగా దాటి, తలకు దీపం కట్టుకుని వెళ్లేది. నేను బడికి వెళ్లి లెక్కలు నేర్చుకున్నాను. తర్వాత ముప్పై ఒక్క ఏళ్లు కార్ఖానా ప్రయోగశాలలో రబ్బరు పాలు కొలిచాను. ఆ చుక్క ఏడాది పొడుగునా తెల్లవారుజామున ఉండదని, కొన్ని నెలలు సాయంత్రానికి మారుతుందని ఆమెకు చెప్పాను. “నాకు రోజూ కనిపించీది” అంది, అంతే.

ఎడమ కన్ను పోయి రెండేళ్లు. కుడి కంటికి మార్చి 6న ఆపరేషన్. ఆ తర్వాత ఎంత చూపు మిగులుతుందో చెప్పలేనని డాక్టరు ముందే చెప్పింది. ఆ కన్ను ఉండగానే ఆమెకు తన వేగుచుక్కను దగ్గరగా చూపించాలి. ఫిబ్రవరి 9 నుంచి మార్చి 5 వరకు ఇరవై అయిదు సాయంత్రాలు. చుక్క కూడా రోజురోజుకీ సూర్యుడి వైపు దిగిపోతోంది. అది గ్రహం, గొట్టంలో చుక్కలా ఉండదు, నెలవంకలా ఉంటుంది. ఆ నెలవంక ఆమె చూడాలి.

నా టెలిస్కోపు పొడవు ఏడు వందల మిల్లీమీటర్లు. దానికి రెండు ఐపీస్‌లు, కన్ను ఆనించి చూసే కటకాలు. ఇరవై అయిదు మిల్లీమీటర్లది పెడితే ఇరవై ఎనిమిది రెట్లు, పది మిల్లీమీటర్లది పెడితే డెబ్బై రెట్లు. ఎక్కువ రెట్లు మంచివని అందరూ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. డెబ్బై రెట్లలో చుక్క రెండున్నర నిమిషాల్లో అంచు దాటిపోతుంది. అప్ప కుర్చీ జరుపుకుని, కళ్లజోడు తీసి, కన్ను ఆనించేసరికే అది ఉండదు. ఇరవై ఎనిమిది రెట్లలో ఏడు నిమిషాలు నిలుస్తుంది. చల్లగాలి మిషను ఉన్న గదిలోంచి ఐపీస్‌లు నేరుగా బయటికి తెస్తే మా ఊరి తేమకు గాజు ఆవిరి పట్టి మసకబారుతుంది. అందుకని నలభై నిమిషాల ముందే తెచ్చి గట్టు మీద పెట్టేదాన్ని. పెద్ద గొట్టానికి పైన ఫైండరు, అంటే గీతలున్న చిన్న గొట్టం. అందులో గీతలు కలిసేచోట చుక్కను పెడితే పెద్ద గొట్టంలోకి అదే వస్తుంది.

మొదటి రోజు అప్ప చూసింది. “జల్లెడలోంచి పిండి రాలినట్టుంది” అంది. చెడిన కంట్లో వెలుగు చెదిరిపోతోంది, ఆకారం నిలవడం లేదు. ఆకాశం తేటగా ఉన్న తర్వాతి నాలుగు సాయంత్రాల్లోనూ అంతే. వెలుగు తగ్గించడానికి ఐపీస్ కింద బిగించే నల్లద్దం ఒకటి కావాలి. క్లాంగ్‌లో ఒక దుకాణానికి చెప్పాను. మార్చి 5, బుధవారం వచ్చింది, ఆఖరి రోజున.

మధ్యాహ్నం బస్సెక్కి వెళ్లి తెచ్చుకున్నాను. తిరుగు బస్సు ఆరున్నరకల్లా చేరాలి. అది ఉపవాసాల నెల. ఉపవాసం విడవడానికి తిండి కొనే సాయంత్రం సంతల ముందు కార్లు మూడు వరసలు. ఏడుంపావుకు బస్సు ఒక వంతెన మీద నిలిచిపోయింది. కిటికీలోంచి పడమటి ఆకాశం చూశాను. వాన వెలిసి, కడిగిన పళ్లెంలా ఉంది. నల్లద్దం నా ఒళ్లో ఉంది, పెట్టె తీయలేదు. నాకు రబ్బరు తోటలో మా లైను ఇళ్ల చీకటి, నా మీదుగా దాటే అప్ప పాదాలు కనిపించాయి.

ఇంటికి ఫోను చేశాను. కోడలు తీసింది. బ్రిక్‌ఫీల్డ్స్‌లో తమిళంలో పెరిగిన పిల్ల, ఇప్పుడు ముప్పై తొమ్మిదేళ్లు. తెలుగు అర్థమవుతుంది.

“నాను రావడం లేటు. గొట్టం రోజూ పెట్టేవేపే ఉంది. ముందు సిన్న గొట్టంలో నడిమధ్యన సుక్క పెట్టు. ఆ తరవాత పెద్ద గొట్టంలోనూ నడిమధ్యనే ఉండాల. అప్పుడు అప్పని సూడమను. ఎనిమిదింబావుకి ఎదురింటి కప్పు ఎనక్కి పోతాది. బేగి!”

“సరి అత్తా, రెండిట్లోనూ సుక్క. తెలుసు లా.”

ఇల్లు చేరేసరికి ఎనిమిదీ ఇరవై ఆరు. చుక్క కప్పు వెనక్కి పోయింది. కోడలు గచ్చు మీద నిలబడి ఉంది, చేతిలో అప్ప కంటి మందు సీసా.

“పెట్టేసినాను అత్తా. ఒక్కోదాంట్లో ఒక్కో సుక్క, కరెక్టుగా నడిమధ్యన.”

వంగి చూశాను. ఫైండరు మీద ఒక బొట్టు, ఐపీస్ మీద ఒక బొట్టు. జిగురుగా మెరుస్తున్నాయి. ఆమెకు ఆకాశంలోది తమిళంలో నట్చత్తిరం, లేకపోతే ఈ దేశపు భాషలో బింతాంగ్. మా ఇంట్లో సుక్క అంటే మందు. నెలరోజులుగా రోజుకు మూడుసార్లు “అప్పకి సుక్కేసినావా?” అని అడిగింది నేనే. తప్పు నా నోటిది. ఏదో అనబోయి నోరు తెరిచాను.

“దాన్నేటనకు” అంది అప్ప. “సూసినాను నాను.”

“ఏటి సూసినావు?”

“పాలగిన్నె. నిండా పాలు. ఒరిగిపోయి ఒకేపుకి కారతంది. నా సెట్టు పాలేనే అవి. ఇన్నాళ్లూ ఏగుసుక్కంటే అదేనని నాకెవులూ సెప్పలేదు.”

కోడలు సీసా వంక చూసింది, నా వంక చూసింది, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్ప కోడలి చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమె చూసింది చుక్కనో, మందు బొట్టులో చెదిరిన వెలుగునో నాకు తెలియదు; అది నెలవంకలా ఉంటుందని నేను చెప్పలేదు. మందు గాజు మీద ఆరిపోతుందన్న తొందరలో, మెత్తటి గుడ్డ ఇంట్లో ఉండగానే, చీర చెంగుతో ఐపీస్ తుడిచాను. ప్రయోగశాలలో ఎవరైనా అలా తుడిస్తే బయటికి పంపేదాన్ని.

టెలిస్కోపు సర్దుతూ మూత పెట్టేటప్పుడు చూశాను. పెద్ద మూతకు మధ్యలో చిన్న మూత ఉంది. పెద్దది ఉంచి చిన్నది మాత్రం తీస్తే వెలుగు సన్నటి కన్నంలోంచే తగ్గి వస్తుంది. టెలిస్కోపుతో వచ్చిన పుస్తకంలో నాలుగో పేజీలో ఉంది ఆ మాట. ఆకాశం తేటగా ఉన్న ఆ అయిదు సాయంత్రాలూ ఆ మూతను నేనే తీసి కుర్చీ మీద పెట్టాను.

ఆపరేషన్ జరిగింది. వెలుగు, చీకటి తెలుస్తాయి. ఆకారాలు తెలియవు.

ఏప్రిల్ 12, శనివారం, ఉదయం ఆరూ ఇరవైకి చుక్క తూర్పున వచ్చింది. అప్ప నా పక్కన నిలబడి ముఖం అటు తిప్పింది.

“వొచ్చినాదా?”

“వొచ్చినాది అప్పా.”

“తెల్లారిగట్ల వొస్తాదని నాను సెప్పలేదేటే?”

పోయినవి ఇవి: ఇరవై అయిదు సాయంత్రాల్లో పందొమ్మిది, మబ్బుకు. కంటి మందు, రెండు చుక్కలు. ఇరవై అయిదు మిల్లీమీటర్ల ఐపీస్ ఒకటి, గీతలు పడి. అప్ప కుడి కన్ను. నల్లద్దం పోలేదు, పెట్టెలోనే ఉంది.