ద్రాక్ష పందిరి కింద ఉరుము

తొంభైలలో శామీర్‌పేట చుట్టూ ద్రాక్ష తోటలుండేవి. పెళ్లయిన రెండో ఏడు నేను మా అత్తతో కలిసి ఒక తోటకు కూలికి పోయేదాన్ని. రాతి కడీల మీద ఇనుప తీగలు లాగి, వాటి మీద ద్రాక్ష కొమ్మలను పరిచేవారు. ఆ పందిరి కింద నడుస్తుంటే ఆకుపచ్చ నీళ్లలో నడిచినట్టుండేది.

ఒక వేసవి మధ్యాహ్నం మేమిద్దరం గుత్తులు కోస్తుండగా ఆ పచ్చదనం నల్లబడింది. తేనెటీగల రొద ఆగిపోయింది. పండ్ల తీపి వాసనలో మట్టి వాసన కలిసింది. నాకు కళ్లు మూతలు పడుతున్నాయి. అంతలో దూరంగా ఉరిమింది.

అత్త గంప దించి, పై తీగ పట్టుకొని నింపాదిగా నిలబడింది. గుబురు పందిరి, చుక్క పడదని ఆమె ధీమా. నాకు మాత్రం అంతకు ముందటేడు చనిపోయిన దూడ గుర్తుకొచ్చింది. పిడుగు తోట ఆ చివర పడితే, ఈ చివర కడీకి కట్టేసిన దూడ పడుకున్నట్టే ప్రాణం విడిచింది. ఒంటి మీద మచ్చ కూడా లేదు.

“అత్తా, తీగె ఇడ్శిపెట్టు. షెడ్డులకు పోదాం దా.”

“ఏందే పిల్లా, పిడుగుకు నీ పేరు ఎర్కనా? నిన్నే ఎతుక్కుంటొస్తదా?”

“దూడను సూడలేదా అత్తా?”

“అది రోగమొచ్చి సచ్చింది తీ. ఊకో.”

అత్త చెయ్యి పట్టి లాగే ధైర్యం కోడళ్లకు లేని రోజులవి. అయినా తీగ మీంచి ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీశాను. పండ్లు సర్దే షెడ్డు దాకా వానలో తిడుతూనే వచ్చింది. “మీ అవ్వ గిదే నేర్పిందా నీకు!”

గడప దాటామో లేదో లోకమంతా తెల్లబడిపోయింది. ఒక్క క్షణం చప్పుడే లేదు. వెలుతురులో తేలుతున్నట్టనిపించింది. ఆ తర్వాత గోడలు అదిరాయి.

వాన వెలిసినా, ఉరుము పూర్తిగా ఆగేదాకా ఆమెను బయటికి పోనివ్వలేదు. పోయి చూస్తే, మేం నిలబడ్డ సాలులో తీగ పొడుగునా ఆకులు మాడి ఉన్నాయి. అత్త తన అరచెయ్యి వంక చాలాసేపు చూసుకుంది.

మర్నాడు పొద్దున్నే కూలి ఆడవాళ్లందరినీ నిలబెట్టింది.

“ఉరిమినప్పుడు ఎవ్వలన్న తీగె ముట్టిన్రా, శేతులు ఇరగ్గొడ్త! కడీ కూడ పట్టొద్దు. ఉరుము ఇనవడంగనే అన్ని ఇడ్శిపెట్టి జల్దీ షెడ్డులకు ఉరుకాలె.”

“గిదంత ఎవ్వలు జెప్పిన్రు పెద్దమ్మా?” అని వాళ్లలో ఒకామె అడిగింది.

“ఎవ్వలో జెప్తె ఇనేదాన్నానె నేను?”

నేను గుత్తుల చాటున నవ్వుకున్నాను.