మిరపకాయ గురించి మాకు చెప్పకండి

ఆ రోజుల్లో (ఏ కాలమో అనుకునేరు, నాలుగైదేళ్ళ కిందటే) నాకు రెండు విషయాల్లో ఎవరి సలహా అక్కర్లేదనిపించేది: ఒకటి కంప్యూటరు, రెండోది మిరపకాయ. కంప్యూటరంటే చదువుకున్నాను. మిరపకాయంటే, గుంటూరులో పుట్టాను, ఇంకేం కావాలి? (పుట్టింది మూడంతస్తుల మేడలో, పొలం చూసింది బస్సు కిటికీలోంచి. ఆ సంగతి అప్పట్లో గుర్తొచ్చేది కాదు.) అందుకే ఉద్యోగం మానేసి, మేనమామ కొడుకైన బావతో కలిసి మిరప సేద్యం మీద ఒక వీడియో గేమ్ మొదలుపెట్టాను. బొమ్మలు బావవి, ప్రోగ్రామింగ్ నాది. ఏడాదికి సగమే అయింది. ఆ సగాన్నే ఎర్లీ యాక్సెస్‌లో పెట్టేశాం, అంటే కూర దించకముందే జనానికి వడ్డించి ఉప్పు సరిపోయిందా అని అడగడమన్నమాట. రివ్యూలు బాగుంటే ఆట పూర్తిచేయాలి, లేకపోతే ఇద్దరం మళ్ళీ ఉద్యోగాల వేటలో పడాలి. అదీ ఒప్పందం.

మొదటి వారం అందరూ మెచ్చుకున్నారు. తర్వాత "మిరప అక్క" అనే పేరుతో ఒకావిడ అరవై గంటలు ఆడి (అరవై గంటలు!) "కొనకండి" అని రాసింది. "ఈ ఆటలో పచ్చికాయలు కోసి కల్లంలో ఆరబోస్తే ఎర్రగా మారుతున్నాయి. మా ఊళ్ళో అలా చేస్తే పాలిపోయిన తాలుకాయలొస్తాయి. చేసినవాళ్ళు మిరప చేలో ఒక్కసారైనా కాలు పెట్టారా?" నాకు ఒళ్ళు మండిపోయింది. ముందూ వెనకా చూడకుండా దాని కిందే జవాబు కొట్టాను: "మాది గుంటూరు. మిరపకాయ గురించి మాకు చెప్పకండి. ముందు మీరెళ్ళి నేర్చుకోండి."

మర్నాటి పొద్దుటికి ఆ జవాబు ఊరూరా తిరిగింది. ఎక్కడెక్కడి రైతుల పిల్లలో వచ్చి, "కొనకండి", "కొనకండి" అని రాసిపోతున్నారు. బావ ఫోన్ చేశాడు.

"ఏరా, నీకేమన్నా మతి పోయిందా? నువ్వు చెప్పావనేగా నేను పచ్చికాయలు గీసింది!"

"ఆవిడకేం తెలీదు బావా."

"అయితే మీ అమ్మనడుగు. నీదే నిజమైతే ఆవిడతో నేనే పోట్లాడతా. కాకపోతే అందరి ముందూ తప్పు ఒప్పుకో. ఒప్పుకోనంటావా, ఈ ఆటకి నేనిక బొమ్మ గీయను."

అమ్మ పోపు వేస్తోంది. "అమ్మా, మిరపకాయ ఎర్రబడేది కల్లంలోనే కదా?" అన్నాను ధీమాగా. అమ్మ గరిటె ఆపి నా వంక అదోలా చూసింది.

"చెట్టు మీదే పండుద్దిరా నాయనా. పండినాక కోసి ఎండబెడతారు. ఈ మాట ఎవరితోనన్నా అన్నావా ఏంటి?"

"ఎవరితోనూ లేదమ్మా." (అప్పటికే ప్రపంచమంతా చదివేసింది.)

క్షమాపణ రాయడానికి నాలుగు గంటలు పట్టింది. మొదట రాసినదాంట్లో మూడు సాకులున్నాయి, బావకి పంపితే మూడూ కొట్టేశాడు. చివరికి మిగిలింది ఇంతే: "మీరు చెప్పిందే నిజం. నాకు తెలియదు. తెలియకపోగా మీ మీదే అరిచాను. క్షమించండి. నేర్పిస్తారా?" అది పెట్టేసి మంచమెక్కి పడుకున్నాను.

మర్నాడు మిరప అక్క దగ్గర్నుంచి వాళ్ళ చేను వీడియోలు వచ్చాయి. కొమ్మ మీదే ఎర్రబడ్డ కాయ, కల్లంలో కాయలు తిరగేస్తున్న వాళ్ళ నాన్న. కింద, "ఒప్పుకున్నారు కాబట్టి చెబుతున్నా. మీ ట్రాక్టరూ బాలేదు, అది తర్వాత." బావకి చూపిద్దామని ఫోన్ చేస్తే, "పండుకాయలు రాత్రే గీసేశాలే" అన్నాడు. వారం కూర్చుని అంతా దిద్దాం. ఆవిడ తన రివ్యూలో "కొనకండి" తీసేసి "కొనండి" అని పెట్టిన రోజు, గుండె మీంచి బస్తా దించినట్టయింది. ఆట పూర్తయింది, బావ నాతోనే ఉన్నాడు.

ఆ జవాబు కొట్టిన కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుకన్నా నవ్వే ఎక్కువొస్తుంది. ఇప్పుడు ఆటలో ఒక గేదెని పెట్టాలన్నా ముగ్గుర్ని అడుగుతున్నాను. తప్పులు తగ్గాయి, నిజమే. కానీ ఏమీ తెలియకుండానే అంత ధీమాగా ఉండగలిగినవాడి మీద, ఒక్కోసారి కొంచెం అసూయ కూడా వేస్తుంది.