అంకెలు మార్చిన లెక్క

పొద్దున నాలుగున్నరకు నా ఫోను ఇప్పటికీ మోగుతుంది. రిటైరై ఏడాది కావస్తున్నా ఆ అలారం తీసేయడానికి మనసు రాలేదు. మా ఆయన దుప్పటి ముఖం మీదికి లాక్కుంటూ, "ఇంకా ఎవుర్ని లేపల్లని పెట్టుకున్నావే దాన్ని?" అని రోజూ విసుక్కుంటాడు. లేపడానికి ఎవరూ లేరు. అయినా ఇవాళ లేచి కూర్చున్నాను, ఎందుకంటే ఇవాళ పదో తరగతి లెక్కల పరీక్ష. రాసేది నేను కాదు. రాసే పిల్లలకు పాఠం చెప్పింది కూడా నేను కాదు, వేరే మేడం. అయినా కలుపుకున్న కాఫీ అట్లాగే చల్లారిపోయింది. లెక్కల టీచరుగా ఉన్నన్నాళ్లూ మార్చి నెలలో తిన్నది నాకు ఒంటికి పట్టలేదు. మా అత్తగారు బతికున్నప్పుడు మార్చిలో నాకు చారూ అన్నం తప్ప ఇంకేమీ వడ్డించేది కాదు, మంచి కూర దండగని.

కర్నూలులో హంద్రీకి ఇవతల మా బడి, అవతల ఇంకో బడి. రెండూ మున్సిపాలిటీవే. రెండు బళ్ల పిల్లలకూ ఒకే రంగు యూనిఫాం, ఒకే రకం బ్యాగు, మధ్యాహ్నం ఒకే ఉడకబెట్టిన గుడ్డు, ఒక పక్క ఇంగ్లీషూ ఇంకో పక్క తెలుగూ అచ్చేసిన అవే పుస్తకాలు. పైకి చూస్తే తేడా ఏమీ కనిపించదు. ఫలితాలు వచ్చిన రోజు మాత్రం ఆ వైపు బడి ముందర పిల్లల ఫొటోలతో ఫ్లెక్సీ కడతారు, మేము స్టాఫ్ రూము తలుపు దగ్గరికేసుకుని ఎవరెవరు గట్టెక్కారో చూసుకుంటాం. ఆ వైపువి ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల కాలనీలు. బడి వదిలితే ట్యూషను, ట్యూషను వదిలితే హోంవర్కు దగ్గర కూర్చోబెట్టే అమ్మ. మా వైపువి పాత ఊరి సందులు. కూరగాయల బండ్లు, బండలు పాలిష్ పట్టే షెడ్లు, కుట్టుమిషన్లు. మా పిల్లల నాయనల్ని మీటింగుకు రమ్మంటే, "ఆ పొద్దు పనికి పోకపోతే ఎట్ల మేడం?" అని మర్యాదగానే అడిగేవాళ్లు. అధికారుల రివ్యూ మీటింగులో మాత్రం రెండు బళ్ల ఫలితాలనూ పక్కపక్కనే తెర మీద వేసి చూపించేవారు. మా హెడ్మిస్ట్రెస్‌ని మేమంతా పెద్దమేడం అనేవాళ్లం. ఆమె ఆ తెర వైపు చూడకుండా హ్యాండ్‌బ్యాగులోంచి ఒక యాలక్కాయ తీసి నోట్లో వేసుకునేది. దిగులు పుడితే ఆమెకు యాలక్కాయ నమలాలి. స్టాఫ్ రూములో యాలకుల వాసన వస్తే ఎవరో పాయసం తెచ్చారని సంతోషపడేది కొత్తగా చేరినవాళ్లు మాత్రమే. పాతవాళ్లకు గుండె జారేది.

ఆ తెర బాధ పడలేకే బళ్లలో దత్తతలు మొదలయ్యాయి. పరీక్షల కాలం వస్తే, వెనకబడిన పిల్లల్ని తలా కొందరిని టీచర్లకు పంచుతారు. దత్తత తీసుకున్న టీచరు తెల్లవారకముందే ఆ ఇళ్లకు ఫోను చేసి పిల్లల్ని లేపాలి, సాయంత్రాలు ఇళ్లకు పోయి చదువుతున్నారో లేదో చూడాలి. కన్నపిల్లల్ని కూడా నేను అంత పొద్దున్నే లేపిన పాపాన పోలేదు. ఈ పిల్లలకు అసలు పుస్తకం జోలికి పోవద్దని చెప్పి, తప్పకుండా వస్తాయనుకునే ప్రశ్నలూ జవాబులూ కుట్టిన ఒక చిన్న పుస్తకం చేతిలో పెడతాం. పిల్లలు దాన్ని పల్చ పుస్తకం అంటారు. అది బట్టీ కొడితే పాసు. మిగతా పిల్లలు లావు పుస్తకం చదువుకుంటారు. ఒకే గదిలో, ఒకే గోడకు ఆనుకుని, కొందరి చేతిలో లావుదీ కొందరి చేతిలో పల్చదీ ఉండటం చూసినప్పుడల్లా నాకు లోపల ఏదో తేడాగా ఉండేది. అయితే దిగులు నాకు కొత్త కాదు కాబట్టి దాన్నీ అందులోనే కలిపేసుకున్నాను.

నా ఉద్యోగం చివరి ఏడాది నా వంతుకు వచ్చినవాళ్లలో పరుపులు కుట్టే ఇంటి అమ్మాయి ఒకతె ఉంది. దూదేకులవాళ్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, రంజానుకు స్టాఫంతటికీ సేమ్యా పంపేవాళ్లు. నాయన దూది ఏకే మిషను ఆటోలో వేసుకుని ఊళ్లు తిరుగుతాడు, తల్లీ నాయనమ్మా ఇంట్లో పరుపులు కుడతారు. ఆ ఇంట్లో దూది లేని చోటు లేదు. గూట్లో, బిందె మీద, ఆ అమ్మాయి జడలో, కనురెప్పల మీద కూడా. నేను పోయి వచ్చిన సాయంత్రం మా ఆయన నా చీర చూసి ఏ తిరునాళ్లకు పోయొచ్చావు అని అడిగేవాడు. అమ్మాయికి ఆ దూది పడదు. ఇంట్లో పాత పరుపు విప్పిన మరునాడు రొప్పుతూ బడికి వచ్చి, మెట్ల దగ్గర నిలబడి ఊపిరి కూడదీసుకుని అప్పుడు క్లాసుకు వచ్చేది. ఆమె నాయన చెప్పింది ఒకటే మాట. పాసైతే కాలేజీకి పంపుతాడు, తప్పితే తల్లి పక్కన సూది పట్టుకుని కూర్చోవాలి. చెడ్డవాడు కాదు. ఇంకో చేయి తోడైతే ఇల్లు గడుస్తుందని అతని దిగులు.

నేను మొదటిసారి ఆ ఇంటికి పోయిన రోజే నాయనమ్మ నా చేయి పట్టుకుంది. అందరూ ఆమెను జేజి అంటే నేనూ జేజి అనేదాన్ని. "నా ఎద ఎట్ల కూస్తాండాదో ఇను మేడం," అంది. నిజంగానే వినిపిస్తోంది. "పెండ్లయి వచ్చిన కాడ్నుంచి ఈ దూది మింగుతాండా. దీని ఎద గూడా ఇట్లనే కావల్లనా? దీన్నొక్కదాన్ని ఈడ్నుంచి బయటికి తియ్యి తల్లీ." ఆ రోజు నుంచి నాకు ఆ అమ్మాయి లెక్కల మార్కులూ ఊపిరీ వేరువేరుగా కనిపించడం మానేశాయి.

తెల్లవారుజామున ఫోను చేస్తే ఎత్తేది జేజే. "సదువుతాండాది మేడం, నువ్వేం దిగులు పడొద్దు. ఇంటావా?" అని ఫోను తీసుకుపోయి మనవరాలి నోటి దగ్గర పెట్టేది. అటు నుంచి గుక్క తిప్పుకోకుండా పల్చ పుస్తకం వినిపించేది. నాకు ప్రాణం లేచి వచ్చేది. ప్రీఫైనల్ పరీక్షలో గట్టెక్కింది కూడా. పెద్దమేడం హ్యాండ్‌బ్యాగులో యాలకులు అట్లాగే ఉన్నాయని స్టాఫంతా చెప్పుకున్నారు.

ఒక సాయంత్రం వాళ్లింటి అరుగు మీద కూర్చుని శంకువు లెక్క అడిగాను. శంకువంటే కోను, ఐస్‌క్రీం కోను ఆకారం. అమ్మాయి కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. వ్యాసార్ధం ఏడు, ఎత్తు పన్నెండు, సూత్రం ఒకటి బై మూడు ఇంటు ఇరవై రెండు బై ఏడు, అట్లా తడుముకోకుండా పోయి జవాబు ఆరు వందల పదహారు దగ్గర ఆగింది. భేష్ అన్నాను. ఇంకేమీ అడగకుండా లేచి వచ్చేసినా సరిపోయేది. ఎత్తు పన్నెండు కాదు, పదహైదు అనుకుని చెయ్యమన్నాను. మళ్లీ కళ్లు మూసుకుంది. మళ్లీ ఆరు వందల పదహారే వచ్చింది.

పలక తీసుకుని సగమూ, మూడో వంతూ భిన్నాల్లో రాసి ఏది పెద్దది అని అడిగాను. మూడో వంతు చూపించింది. ఎందుకన్నాను. "రెండు కన్నా మూడు పెద్దది గదా మేడం," అంది, ఇంత చిన్న ప్రశ్న ఎందుకు అడుగుతున్నానో అర్థంకానట్టు. భిన్నాలు ఆరో తరగతిలో చెప్తారు కదా, అప్పుడు నువ్వు యాడున్నావు అని అడిగాను. జేజి లోపల్నుంచి జవాబిచ్చింది. "కరోనా వచ్చింది గదమ్మా. వీళ్ల నాయన పరుపుల పనికని అందరినీ వేంపల్లెకు తోలుకపోయినాడు. బండ్లు ఆగిపాయ. ఆ ఏడంతా ఆడనే ఉండిపోతిమి." నాకు గుర్తుకొచ్చింది. ఆ ఏడాది మా బడి హాజరులో ఆమె పేరుంది, పిల్ల మా గడప తొక్కలేదు. ఉన్న ఒక్క ఫోనూ నాయన జేబులోనే ఉండిపోయింది. ఆ వైపు పిల్లలు ఇంట్లో కూర్చుని ఫోనులో పాఠం విన్నారు. చివరికి పరీక్ష లేకుండా అందరినీ ఒకేసారి పై తరగతికి పంపించేశాం, చాలా ఉదారంగా.

మరునాడు పెద్దమేడానికి చెప్పాను. ఆరో తరగతి భిన్నాల నుంచి మొదలుపెడతానన్నాను. ఆమె నన్ను కూర్చోమని కూడా అనలేదు. "మేడం, పరీక్షలకు ఇంకెన్ని దినాలుండాయి? ఇప్పుడు ఆ పాప వల్లె వేస్తే పాసవుతాది. నువ్వు ఆరో తరగతి తీసినావంటే ఉండేది గూడా పోతాది. నువ్వు రిటైరై ఇంటికి పోతావు, పరుపులు కుట్టేది ఆ పాప." కోపంతో అన్న మాట కాదది. ఆమె కళ్లలో కూడా భయమే ఉంది. ఆమె చెప్పింది తప్పని నేను ఇప్పటికీ అనలేను. ఆ రోజు ఇంటికి వచ్చి పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. పరీక్షలో అంకెలు మార్చకపోతే పెద్దమేడం మాట గెలుస్తుంది, మారిస్తే ఆ అమ్మాయి ఓడిపోతుంది. నాకు నిద్ర పట్టలేదు.

చివరికి మొదలుపెట్టాను. మరునాటి పొద్దున ఫోనులో చదువుతున్నావా అని అడగలేదు. కాగితం తెచ్చుకో అన్నాను. సగానికి మడవమన్నాను, ఇంకో కాగితం మూడు సమాన భాగాలుగా మడవమన్నాను. "మడిచినాది మేడం, నేను చూస్తాండా," అని జేజి. "మూడో ముక్క చిన్నగుండాది మేడం," అని అమ్మాయి, నెమ్మదిగా, అనుమానంగా. "నువ్వు సరిగ్గా మడవలేదేమోలే పాపా, మల్లా మడువు," అని జేజి. నవ్వు ఆపుకోవడానికి నేను ఫోను పక్కకు పెట్టాల్సి వచ్చింది. రోజూ అదే. కాగితాలు, రొట్టె ముక్కలు, పరుపు గుడ్డ అంచులు.

కొన్నాళ్లకు నేను భయపడినదే జరిగింది. "మేడం, ఇంతకుముందు వచ్చేది, ఇప్పుడు రావడం లేదు," అని ఒక పొద్దున ఫోనులో ఏడ్చింది. నిజమే. కళ్లు మూసుకుని పోయే పిల్ల ఇప్పుడు ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, ఇది ఎందుకు వచ్చింది అని ఆలోచిస్తోంది. ఆలోచిస్తే బట్టీ తెగిపోతుంది. రెండో ప్రీఫైనల్‌లో లెక్కల్లో తప్పింది. మార్కులు చూసి పెద్దమేడం హ్యాండ్‌బ్యాగు తెరిచి ఒక యాలక్కాయ తను వేసుకుంది, ఇంకొకటి నా చేతిలో పెట్టింది. తిట్టినా బాగుండేది.

ఆ ఏడాది లెక్కల పరీక్ష రోజు. మా పిల్లలకు సెంటరు ఆ వైపు బళ్లోనే. లెక్కల టీచర్లు ఆ రోజు సెంటరు ఛాయలకు పోకూడదు కాబట్టి నేను రోడ్డుకు ఇవతల చాలా దూరంలో సోడా అంగడి నీడలో నిలబడ్డాను. పక్కన జేజి, చేతిలో నీళ్ల బాటిలు, ఎదలో కూత. కర్నూలు మార్చి ఎండ తారు మీద మెరుస్తోంది. జేజి మధ్యమధ్య, "అయిపోయిందా తల్లీ?" అని అడుగుతోంది, నేను లోపలున్నట్టు. నేను ఆ ఇంటి పిల్ల ఊపిరిని పందెంలో పెట్టానా అని నాలో నేనే నలిగిపోయాను. గంట కొట్టారు. ముందుగా ఆ వైపు పిల్లలు బిలబిలమని వచ్చి జవాబులు సరిచూసుకుంటూ పోయారు. మా పిల్లలు మాట్లాడకుండా వచ్చారు. ఆ అమ్మాయి అందరికన్నా వెనక వచ్చింది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.

"పుస్తకంలో లెక్క రాలేదు మేడం," అంది. "శంకువు లెక్కే. అంకెలు మార్చినారు."

జేజి నా వైపు చూసింది. జేజి చేతిలోని బాటిలు తీసి అమ్మాయికిచ్చి అడిగాను. "మరి?"

"మార్చిన అంకెలతోనే చేసినా మేడం."

ఆమె పాసైంది. లెక్కల్లో గొప్ప మార్కులేమీ కావు, ఆ వైపు వాళ్లైతే ఇంట్లో తలుపేసుకుని ఏడ్చే మార్కులు. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. పరుపులు విప్పిన రోజు కాలేజీ వదిలాక లైబ్రరీలో కూర్చుంటుందట, జేజి మొన్న కూతల మధ్యే చెప్పింది. కానీ ఆ ఏడాది నా దత్తత పిల్లల్లో పల్చ పుస్తకాన్నే నమ్ముకున్నవాళ్లు ఆ లెక్క దగ్గరే ఆగి తప్పారు. అందరికీ కాగితం మడిచి చూపించడానికి నాకు పొద్దులు చాల్లేదు. నాలుగున్నర అలారం తీసేయలేకపోవడానికి కారణం మా ఆయనకు చెప్పలేదు గానీ, అది వాళ్ల కోసం మోగుతుంది.

ఇప్పుడు ఐదు దాటింది. హంద్రీకి రెండు వైపులా ఇళ్లలో దీపాలు వెలిగి ఉంటాయి, లావు పుస్తకాలూ పల్చ పుస్తకాలూ తెరుచుకుని ఉంటాయి. ఇంకాసేపటికి అందరికీ ఒకే గంట కొడతారు, ఒకే కాగితం ఇస్తారు. పిల్లలందరి వయసూ ఒక్కలాగే నడుస్తుంది. కానీ కొందరికి ఆరో తరగతి ఆరో తరగతిలోనే దొరుకుతుంది, కొందరికి పదో తరగతి చివర్లో దొరుకుతుంది, కొందరి కోసం దాన్ని వెతికే పొద్దే మిగలదు.