కప్పు కింద కిటికీలు

నరసరావుపేటలో రెండు పెంకుటిళ్ల నడుమ పాత మట్టిల్లు కూలిపోగా మిగిలిన జాగాని మణెమ్మ కొన్నప్పుడు, అత్త రాజమ్మ వచ్చి చూసి, "ఇది ఇంటిస్థలమా, సందా?" అంది. రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన మరుసటేటి సంగతి. మణెమ్మ నర్సు. మొగుడు శౌరి జిన్నింగు మిల్లులో పని. అద్దెకొంపలు మారీ మారీ ముగ్గురూ విసిగిపోయి ఉన్నారు.

జాగా పొడుగు చానా ఉంది గానీ, వెడల్పు రెండు మంచాలు వరసగా వేస్తే సరి. ముర్తుజా మేస్త్రి అందరికీ చెప్పే ఇల్లే చెప్పాడు: ముందు వసారా, దానెనక గది, ఇంకో గది, చివర వంటిల్లు.

"నడిమి గదికి వెలుగెట్టా వస్తది?"

"రాదమ్మా. రెండు పక్కలా పరాయిగోడలాయె. పగలైనా దీపం పెట్టుకోవాల్సిందే."

చీకటి గదుల్లో పురుళ్లు పోసీ పోసీ మణెమ్మకు చీకటంటేనే గిట్టదు. సున్నం తెచ్చి జాగాలోనే ఇంటి గీతలు గీసింది. శౌరి చేత మంచం మోయించి, ఆ గీతల మధ్య తిప్పించింది. మంచం తిరగని చోటల్లా అడ్డగోడ చెరిపేసింది. చివరికి రెండు గదులూ, నడుమ వంటకింత చోటూ మిగిలాయి.

"వంటింటికి తలుపే లేదా? వచ్చినోళ్లందరికీ నా పొయ్యి కనపడాలా?" అని రాజమ్మ గోలపెట్టింది.

ఆస్పత్రి వార్డులో కప్పు కిందుగా ఉండే కిటికీలు మణెమ్మ మనసులో ఉన్నాయి. గోడల్ని పక్కింటి పెంకులకన్నా ఎత్తు లేపి, అట్టాంటి కిటికీలు పెట్టమంది. గోడ కిటికీల ఎత్తుకు లేచేసరికి పక్కింటి గోపాలకృష్ణయ్య వచ్చి పని ఆపించాడు.

"మా దొడ్లోకి కిటికీలేంది? మా ఆడోళ్లు తిరగొద్దా?"

"వాటిలోంచి చూడాలంటే నిచ్చెనెక్కాల బాబాయిగారూ. కావాలంటే మీరే ఎక్కి చూడండి."

ఆయన పంచె ఎగ్గట్టి నిజంగానే ఎక్కాడు. దొడ్డి కనపడలేదు. కనపడిందల్లా తన ఇంటి కప్పు, దాని మీద పగిలిన పెంకులు. దిగొచ్చి, "ముర్తుజా, ఈ పనయ్యాక మాయింటి పెంకులు నేయించు" అని వెళ్లిపోయాడు.

ఎండలు ముదిరేలోగా ఇల్లు పూర్తయింది. నేలకు మాచర్ల నాపరాళ్లు పరిచారు. తొలి వానలకు జల్లు లోపలికి కొట్టి పక్కలు తడిశాయి. కిటికీల పైన రేకులు దిగ్గొట్టించాకే తెరిపినపడ్డారు. చూడొచ్చినవాళ్లు, "ఇల్లా, రైలుపెట్టా?" అని నవ్విపోతుంటే మణెమ్మకు మనసు చివుక్కుమనేది.

రాజమ్మ పొయ్యి ముందు పాత చీర తెర కట్టుకుంది. మణెమ్మ తీయమనలేదు. మధ్యాహ్నాలు మాత్రం రాజమ్మే ఆ తెర పక్కకు నెట్టి, పైనుంచి పడే వెలుగులో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకునేది.