క్రాబ్‌ట్రీ గారి కమిటీ

ప్రొఫెసర్ థడియస్ క్రాబ్‌ట్రీ గారికి ఉన్నది ఒక్కటే వ్యసనం: విద్యార్థి ఎక్కడ ఎదురుపడితే అక్కడే ఇంటర్వ్యూ చేయడం. కెంటకీ కొండల నడుమ ఒక చిన్న కళాశాలలో ఆయన జంతుశాస్త్రం బోధించేవారు. వైద్య, దంతవైద్య, ఔషధ విద్యాలయాలలో ప్రవేశం కోరే పిల్లలకు సలహాదారు కూడా ఆయనే. సలహాదారన్నవాడు తన గదిలో కూర్చుని, వచ్చినవారికి నాలుగు మంచిమాటలు చెప్పి పంపుతాడని లోకం అనుకుంటుంది. క్రాబ్‌ట్రీ గారు తన గదిలో కూర్చుని ఉండగా చూసిన మానవుడు లేడు.

ఆయన బూట్ల చప్పుడు వినబడితే చాలు, ఓనా స్టిడమ్ అనే అమ్మాయి వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తేది. ఆ భయానికి కారణం లేకపోలేదు. పోయిన ఏడు ఒక దంతవైద్య కళాశాల కమిటీవారు ఆమెను ఇంటర్వ్యూకి పిలిచి, ఈ చదువే ఎందుకు కోరుకుంటున్నావని అడిగారు. ఓనా నోరు తెరిచింది, మాట రాలేదు. మూసి మళ్ళీ తెరిచింది. చివరికి లేచి, వందనం చేసి, తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. అది చీపుళ్ళు పెట్టుకునే గది తలుపు. తిరిగి బయటికి వచ్చే ధైర్యం చాలక, కమిటీవారందరూ భోజనానికి పోయేదాకా ఆ చీపుళ్ళ మధ్యనే నిలబడి ఉంది.

ఈ ఏడు మళ్ళీ ఒక్క చోటినుండి మాత్రం పిలుపు వచ్చింది. ఇదీ తప్పితే ఊళ్ళో సరుకుల కొట్టులో గల్లాపెట్టె దగ్గర కూర్చోవలసిందేనని తండ్రి చెప్పడమే కాదు, కొట్టు యజమానితో మాట కూడా ఖాయం చేసుకుని వచ్చాడు.

ఒకనాడు భోజనశాల వరుసలో ఓనా చిక్కుడు గింజలు వడ్డించుకుంటుండగా వీపు వెనుక ఉరుము ఉరిమింది.

“మిస్ స్టిడమ్! మీరు పళ్ళ డాక్టరే ఎందుకవ్వాలి? చెప్పండి. ఆ మొక్కజొన్న రొట్టె ఇటివ్వండి.”

“చి... చిన్నప్పటి నుంచీ నాలో మానవసేవ చెయ్యాలనే తపన...”

గుర్రు వినిపించింది. క్రాబ్‌ట్రీ గారు పళ్ళెం పట్టుకుని నిలుచున్నవారు నిలుచున్నట్టే నిద్రపోయారు. వెనుకనున్నవారు గొల్లున నవ్వారు.

“ప్రొఫెసర్ గారూ! నిద్రపోయారా?”

“నేను కాదమ్మా, నాలో ఉన్న కమిటీ నిద్రపోయింది. తపన మాట వింటే చాలు, వాళ్ళకి రెప్పలు వాలిపోతాయి. మెలకువ తెప్పించే ముక్క ఏదన్నా ఉంటే చెప్పు.”

మీరు అని మన్నిస్తే మాట్లాడుతున్నది కమిటీ అనీ, నువ్వు అని పిలిస్తే ప్రొఫెసరు గారనీ ఎరిగి మసలుకోవాలి. ఆ కమిటీలో రకరకాల సభ్యులుండేవారు, అన్ని వేషాలూ ఆయనవే. ఒకనాడు ముఖానికి వార్తాపత్రిక అడ్డం పెట్టుకుని ప్రశ్నలు వేసే ముసలి డీను. మరొకనాడు ఆమె జవాబు మధ్యలో ఫోను తీసి, ఇంటి కప్పు కారుతున్న సంగతి భార్యతో సాంతం ముచ్చటించి, “ఆఁ, ఏమంటున్నారు?” అనే పెద్దమనిషి. ఇంకొకనాడు ఈత కొలనులో ఓనా పక్కనే నీళ్ళలోంచి తల పైకెత్తి, ముక్కులోంచి నీరు చిమ్ముతూ, “రోగి మీ వేలు కొరికితే ఏం చేస్తారు?” అన్న వైద్యుడు. ఓనా ఆ నీళ్ళలోనే మునిగిపోయి ఉంటే బాగుండుననుకుంది.

క్రాబ్‌ట్రీ గారు వస్తున్నారని తెలిసి ఒకసారి ప్రయోగశాలలో అస్థిపంజరం వెనుక దాక్కుంది. బూట్ల చప్పుడు దాని ముందు ఆగింది.

“అస్థిపంజరం గారూ, మీ వెనక ఎవరో అభ్యర్థి ఉన్నారు. జీవితంలో ఒక ఓటమి చెప్పమని అడగండి.”

ఎముకల సందునుండి సన్నని గొంతు వచ్చింది. “ఇదేనండీ. ఇక్కడ దాక్కున్నా దొరికిపోవడం.”

క్రాబ్‌ట్రీ గారు చప్పట్లు చరిచారు. “కమిటీ కళ్ళు తెరిచింది! చూశావా?”

రానే వచ్చింది ఇంటర్వ్యూ రోజు. ఎదురుగా కూర్చున్న ముగ్గురిలో ఒకాయన కిటికీ బయటికి చూస్తున్నాడు, ఒకామె ఫోను చూసుకుంటున్నది, మూడవ ఆయన అడిగాడు: “ఈ చదువే ఎందుకు?”

“చిన్నప్పటి నుంచీ...” అని మొదలుపెట్టిన ఓనా, కిటికీ వైపు చూస్తున్నాయన రెప్పలు వాలడం గమనించింది. కాళ్ళు పారిపొమ్మన్నాయి. తలుపు ఎటున్నదో కూడా చూసుకుంది.

“మా అమ్మ నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుందండీ,” అంది చివరికి. “నేను పుట్టకముందే ముందు పళ్ళు పోయాయి. మా లోయలో పళ్ళ డాక్టరు లేడు. అమ్మ నవ్వు నేను ఫొటోలోనే చూశాను.”

ఫోను చూసుకునే ఆమె ఫోను బోర్లించింది. కిటికీ దగ్గరాయన ఇటు తిరిగాడు. భయం పోలేదు కానీ, దానితోబాటే మాటలు నడిచాయి.

చోటు దొరికిందన్న కబురు వచ్చిననాడు గదిలో తనతో ఉండే రొవీనా చేతులు పట్టుకుని ఓనా గంతులు వేసింది. “బతికామే! ఇక మనిద్దరికీ ఆ క్రాబ్‌ట్రీ గారి పీడ వదిలింది.”

“మనిద్దరికీనా? నన్నెప్పుడడిగాడే?” అంది రొవీనా. ఫార్మసీ చదువు కోరే ఆ అమ్మాయి నిద్రలో కూడా మాట్లాడేది. “నేనే వెళ్ళి అడగమని బతిమాలాను. ‘నిన్ను ఆపడమెలాగో నేర్పడానికి వేరే సలహాదారు కావాలి, పోవమ్మా’ అన్నాడు. వాగే వాళ్ళ జోలికి పోడే ఆయన. నోరు పెగలని వాళ్ళ వెంటే పడతాడు.”

ఓనా పరుగున వెళ్ళేసరికి ఆయన గ్రంథాలయం మెట్ల మీద, ఒక చెయ్యి మాత్రమే కోటులో దూర్చుకుని, అటూ ఇటూ చూస్తున్నారు.

“ప్రొఫెసర్ గారూ, సీటొచ్చింది! నా ఒక్కదాని కోసమే మీరు అంత...”

“సంతోషం, సంతోషం. కన్నీళ్ళు తర్వాత పెట్టుకుందాం,” అన్నారాయన హడావుడిగా. “మొదటి ఏడు పిల్ల, ఎర్ర టోపీ. పేరడిగితేనే ఏడుపు మొహం పెట్టింది. ఎటు పోయిందో చూశావా?”

పూలపొద వెనుక ఎర్ర టోపీ గజగజ వణుకుతున్నది. నోరు మూసుకోమన్నట్టు ఓనా వైపు దీనంగా చూసి, పెదవుల మీద వేలు పెట్టుకుంది.

ఓనా ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“అదిగోనండీ, ఆ పొద వెనక,” అంది.