ట్రంకుపెట్టెలోని పాతచీర

కరోనాకి ముందు ఏడాది. నాగాయలంక దగ్గర సముద్రపు వేట మీద బతికే ఒక పల్లెలో నేను ఫీల్డ్ నర్సుని. మలేరియా కొందరిని ఎందుకు పెద్దగా బాధించదో వాళ్ల జన్యువుల్లో వెతికే పరిశోధన అది. రెండు మూడు దేశాల డాక్టర్లు కలిసి చేస్తున్నారు. వాళ్లు కంప్యూటర్ల ముందు, నేను ఎండలో.

వేటకు వెళ్లే పోలయ్య రక్తం ఇస్తూ, "నా రక్తం దోమకే పనికిరాలేదు, దొరలకెందుకండీ?" అని నవ్వాడు. ఫలితం తనకూ చెప్పమన్నాడు.

అతనికి జీ6పీడీ తక్కువని తేలింది. ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము అది. తక్కువగా ఉన్నవాళ్లలో మలేరియా క్రిమి అంత సులువుగా పెరగదు. కానీ కొన్ని మందులు, బట్టల్లో వేసే కలరా ఉండలు తగిలితే ఆ కణాలే చితికిపోయి కామెర్లు వస్తాయి. ఈ లోపం తల్లి నుంచి మగపిల్లలకు వస్తుంది. ఆ జాగ్రత్తలు చెబుదామని వాళ్లింటికి వెళ్లాను.

అతని చెల్లెలు లక్ష్మి పురిటికి వచ్చి ఉంది. వారం కూడా నిండని మగబిడ్డ.

"చూడండి నర్సమ్మగారూ, ఎంత పసిమిఛాయో!" అని పోలయ్య తల్లి, బిడ్డకు అమ్మమ్మ, మురిసిపోయింది.

బిడ్డ కళ్లు కూడా పచ్చగా ఉన్నాయి. అవి కామెర్లు. నిన్నటి నుంచి పాలు సరిగా తాగడం లేదంది లక్ష్మి. వంగి చూస్తే గుప్పున కలరా ఉండల వాసన. బిడ్డను చుట్టింది ట్రంకుపెట్టెలో ఏళ్ల తరబడి దాచిన అమ్మమ్మ పాతచీర.

"ముందు ఆ బట్ట తీసేయండి!" అని అరిచాను. నాకు కోపం తొందరగా వస్తుంది.

"పురుడు వెళ్లకుండా కొత్తబట్ట కడతామా? అవేం మాటలండీ!" అంటూ ఆవిడ బిడ్డను గుండెకు హత్తుకుంది.

వాదిస్తే లాభం లేదు. భుజం మీది చున్నీ తీసిచ్చాను. "ఇదీ పాతదేనండీ. ఉతికి ఉతికి ఎలా మెత్తబడిందో చూడండి."

ఆవిడ తడిమి చూసి ఒప్పుకుంది.

పోలయ్య ఆటో తెచ్చాడు. బందరు ఆస్పత్రిలో బిడ్డను నీలిరంగు లైటు కింద పెట్టారు, రక్తం మార్చారు. ఇంకాస్త ఆలస్యమైతే మెదడు దెబ్బతినేదన్నారు డాక్టరుగారు. ఆ మాట విన్నాక బయటికొచ్చి ఏడ్చాను.

బిడ్డ దక్కాడు. చున్నీ మాత్రం నాకు తిరిగి రాలేదు. "కలిసొచ్చిన బట్టండీ, లక్ష్మి రెండో కాన్పుకి ఉంటది. పెట్టెలో పెట్టన్లెండి" అంటూ అమ్మమ్మ ఎండురొయ్యల పొట్లం చేతిలో పెట్టింది.

మలేరియాను తట్టుకునే రక్తం ఒక పాతచీరను తట్టుకోలేదని నాకు ఆ ఇంట్లోనే తెలిసింది. ఇప్పుడు ఏ గడప తొక్కినా, సూది తీసే ముందు ఇంట్లో కడుపుతో ఎవరైనా ఉన్నారా అని అడుగుతాను. ఉంటే, ఏమీ అనుకోకండి అని చెప్పి, ట్రంకుపెట్టె తెరవమంటాను.