మంద వెంట బడి

మొన్న వర్ని నుంచి బోధన్ వస్తుంటే గొర్రెల మంద రోడ్డు దాటుతోందని బస్సు ఆగింది. ముసురు పట్టిన రోజు. తడిసిన ఉన్ని వాసన కిటికీలోంచి గుప్పుమంది. పక్కన కూర్చున్నామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆమెను తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఇరవై ఏళ్ల కిందట నేనూ అదే పని చేశాను, అదీ టీచరు కుర్చీలో కూర్చుని, ఒక పిల్ల ముందు. ఆ వాసన తగిలితే సాయిలు సార్ గుర్తొస్తారు. నా మీద నాకే రోత పుడుతుంది.

కోటగిరి దగ్గరి పల్లెలో నాకు మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు ఆయన పక్క ఊరి బడికి హెడ్మాస్టరు. నోరు దురుసు. ఆయన బరువుకు లూనా మూలుగుతూ ఎత్తెక్కేది. వరి కోతలయ్యాక మా వైపు రైతులు ఎరువు కోసం గొర్రెల మందలను పిలిచి పొలంలో పెట్టించుకుంటారు. ఒక ఊళ్లో నాలుగు రోజులు, ఇంకో ఊళ్లో వారం. మందతో పాటు కాపరుల పిల్లలూ నడుస్తారు కాబట్టి ఏ బడి రిజిస్టరులోనూ వాళ్ల పేరు నిలవదు. సార్ దానికో ఉపాయం చేశారు. పిల్ల చేతికి ఒక నోటుబుక్కు ఇచ్చేవారు. మంద ఆగిన ఊరి బడికి ఆ పిల్ల పోవాలి. అక్కడి టీచరు ఎంతవరకు చెప్పారో రాసి సంతకం పెట్టాలి. తర్వాతి ఊరి టీచరు అక్కడి నుంచి అందుకోవాలి. ఇది ఏ సర్కులర్‌లో ఉందని అడిగాను, కొత్త ఉద్యోగం తెలివితో.

"మంద నడుస్తది. అక్షరం గూడ దాని ఎంబడి నడవాలె. మనం కూసున్న కాడికే రమ్మంటె ఎట్లొస్తరు టీచర్?" అన్నారు.

బీరయ్య అనే కురుమ కాపరిని ఒప్పించడానికి నన్నూ వెంటబెట్టుకుపోయారు. అతను గట్టు మీద గొంగడి పరిచి కూర్చోబెడితే, సార్ గొర్రెల రోగాల గురించి గంటసేపు మాట్లాడారే గానీ చదువు ఊసెత్తలేదు. చివరికి బీరయ్యే అడిగాడు, తన కూతురు ఎల్లవ్వకు చదువొస్తుందా అని. తొమ్మిదేళ్ల పిల్ల. ఏడాది తిరిగేసరికి నోటుబుక్కు సగం నిండింది. బీరయ్య బడికి దగ్గరి పొలాలకే మంద ఒప్పుకోసాగాడు. ఆ పిల్లతో గురుకుల పరీక్ష రాయించాలని సార్ పట్టుదల. సీటు వస్తే మంద వెంట తిరగకుండా ఒకచోట ఉండి చదువుకోవచ్చు.

ఆ ఏడాది మంద మా ఊరికి వచ్చిన మర్నాడే మా బడిలో తనిఖీ. రాత్రంతా అకాల వాన. పొద్దున్నే ఎల్లవ్వ తడిసిన గొంగడి కప్పుకుని, నోటుబుక్కు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ముందు వరస పిల్లలు ముక్కు మూసుకుని కిసుక్కుమన్నారు. వాళ్లను మందలించాల్సిన నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను. రిజిస్టరులో లేని పిల్ల కనబడితే అధికారి ఏమంటాడోనని గుబులు కూడా. టీసీ తెచ్చుకొమ్మన్నాను. నడిచే మందలో ఉన్న పిల్లకు టీసీ ఎవరిస్తారు? నా మొహం కేసి కాసేపు చూసి వెళ్లిపోయింది. మర్నాడు పిలిపిద్దాంలే అనుకున్నాను. బడి కోసమే మా ఊరు ఒప్పుకున్న బీరయ్య ఆ సాయంత్రానికే మందను కదిలించాడు.

వారానికి సార్ వచ్చి, పిల్ల ఎంతవరకు చదివిందని అడిగారు. నిజం చెప్తే నాలుగు తిట్లు తినేదాన్ని, అంతటితో పోయేది. మంద మా ఊరికి రానే లేదన్నాను. ఆయన నమ్మారు. నేరుగా పోయి మందను వెతికి పట్టుకుని, మాట తప్పావని బీరయ్యను నలుగురిలో దులిపేశారట. బిడ్డను పంపితే తిప్పి పంపారని అతను మొత్తుకున్నా వినలేదట. నోటుబుక్కులో నా సంతకం లేదు మరి. టీచరు నాతో అబద్ధం చెబుతుందా అన్నారట. ఇదంతా సారే చెప్పుకుని బాధపడ్డారు. నేను చాక్‌పీసులు సర్దుతూ విన్నాను. బీరయ్య ఆ తర్వాత మా వైపు రాలేదు. ఎల్లవ్వ పరీక్ష రాయలేదు. ఇప్పుడు నా బడికి వచ్చిన ఏ పిల్లనూ కాగితం అడగను. ముందు కూర్చోబెడతాను. సాయిలు సార్ శిష్యురాలు కదా అంటారు అందరూ. ఆ మాట వినడం శిక్షలాగే ఉంటుంది.

పోయినేడు వర్ని అవతల కోసిన మడిలో బీరయ్య కనిపించాడు. తల పూర్తిగా నెరిసింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎల్లవ్వ అత్తగారి మంద వెంట తిరుగుతోందట, ఆమె పిల్లలూ ఏ బడిలోనూ లేరట. తిడతాడేమోనని నిలబడ్డాను. తిట్టలేదు.

"సార్‌కు చెప్పినవా టీచరమ్మా, నేను అబద్దమాడలేదని?" అని మాత్రం అడిగాడు.

చెప్పలేదన్నాను. సార్ పోయి అప్పటికే మూడేళ్లయిందనీ చెప్పాను.

బీరయ్య రుమాలు విప్పి, దులిపి, మళ్లీ తలకు చుట్టుకున్నాడు. "అయితే ఆయన గట్లనే అనుకోని పోయిండన్నట్టు," అన్నాడు.

ఔనన్నాను.